ఉత్తరం వేరు, పని వేరు

ఈ నెల ఈ శీర్షికకు అందిన లేఖలలో ఎక్కువ భాగం ఈమెయిల్స్ గురించి, రోజువారీ పనులు తెమలక కలిగే ఆందోళన గురించి వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయసు 39. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. నా ఆఫీసు మెయిల్‌లో చదవనివి 11,000 దాటాయి. ఉదయం 9 గంటలకు కుర్చీలో కూర్చున్నది మొదలు వచ్చినదానికల్లా జవాబు ఇస్తూనే ఉంటాను. అయినా సాయంత్రానికి నా అసలు పని, అంటే బ్యాంకు రీకన్సిలియేషన్ (బ్యాంకు లెక్కను మా పుస్తకాలతో సరిచూడటం), వెండార్ల చెల్లింపులు, జీఎస్‌టీ లెక్కలు, ఎక్కడివక్కడే ఉంటాయి. పోయిన నెల ఒక వెండారు పంపిన సవరించిన బిల్లు మెయిల్స్ అడుగున పడిపోయి, పాత బిల్లు మొత్తమే చెల్లించాను. అప్పటినుంచి అర్ధరాత్రి మెలకువ వచ్చి ఫోను చూసుకుంటున్నాను. అన్నీ ఫోల్డర్లలో సర్దుదామని రెండు ఆదివారాలు కూర్చున్నాను, 900 కూడా పూర్తికాలేదు. దయచేసి దారి చూపండి.
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మూడో ఆదివారం ఆ ఫోల్డర్ల పనికి కూర్చోకండి. ముందుగా చెప్పవలసింది ఇదే. ఐబీఎం సంస్థలో స్టీవ్ విటేకర్, ఆయన సహచరులు చేసి 2011లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, 345 మంది తమ పాత మెయిల్స్‌ను వెతికి పట్టుకున్న 85,000కు పైగా సందర్భాలను పరిశీలించారు. శ్రమపడి ఫోల్డర్లలో సర్దుకున్నవారికి, ఏమీ సర్దకుండా సెర్చ్‌లో రెండు మాటలు టైపు చేసి వెతుక్కున్నవారికంటే అదనంగా ఒరిగిందేమీ లేదని, పైగా ఫోల్డర్లలోకి వెళ్లి వెతకడానికే ఎక్కువ సమయం పట్టిందని అందులో తేలింది. కాబట్టి మీ దగ్గర ఉన్నవాటిలో గత 30 రోజుల మెయిల్స్‌ను ఉంచి, మిగిలినవాటిని ఒక్కసారే ఎంచుకుని ఆర్కైవ్ చేయండి. ఆర్కైవ్ చేసిన మెయిల్ ఎక్కడికీ పోదు. కళ్లముందునుంచి పక్కకు జరుగుతుంది, వెతికితే ఎప్పుడైనా దొరుకుతుంది. అయితే మీరు అకౌంట్స్‌లో ఉన్నారు గనుక, ఆ పని చేసేముందు ఇంకా చెల్లింపు బాకీ ఉన్న వెండార్ల పేర్లతో ఒక్కొక్కసారి వెతికి, అక్కడ కొత్త బిల్లుగాని, క్రెడిట్ నోటుగాని (బిల్లులో తగ్గించిన మొత్తానికి వెండారు ఇచ్చే పత్రం) ఉందేమో చూసుకోండి. ఈ జాగ్రత్తకు ఒక పూట పడుతుంది, పట్టనివ్వండి.

పెట్టె ఖాళీ చేసినంత మాత్రాన మీ బాధ తీరదు, రెండు నెలల్లో అది మళ్లీ నిండుతుంది. ఉత్తరాలు వచ్చిపడే చోటునే మీరు పనుల జాబితాగా వాడుకుంటున్నారు. అసలు చిక్కు అక్కడుంది. ఇది ఎందుకు తప్పో నాకు ఎవరు నేర్పారో చెబుతాను.

నేను 34 ఏళ్లు రెవెన్యూ శాఖలో పనిచేశాను. జూనియర్ అసిస్టెంటుగా చేరిన మొదటి వారంలో మా సూపరింటెండెంటు గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినది తపాలు చూడటం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరుమీద స్థిరపడిన కార్యాలయ పద్ధతే అప్పటికీ మా దగ్గర నడిచేది. వచ్చిన తపాలును విప్పి, తేదీ ముద్ర వేసి, ఏ సెక్షనుకు చెందినదో గుర్తించి, డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కించి పంచేవారు. నా బల్లమీదికి వచ్చిన ప్రతి కాగితాన్నీ నేను నా పర్సనల్ రిజిస్టరులో రాసుకోవాలి: కరెంటు నంబరు (వచ్చిన కాగితానికి వేసే వరుస సంఖ్య), ఎవరినుంచి వచ్చింది, విషయం ఏమిటి, దానిమీద ఏ తేదీన ఏం చేశాను. ఇతరులనుంచి జవాబు రావలసినవాటికి రిమైండర్ డైరీ వేరుగా ఉండేది. కోర్టులో నలుగుతూ నెలల తరబడి కదలడానికి వీలులేని ఫైళ్లను కాల్‌బుక్కులోకి మార్చి, రోజువారీ లెక్కనుంచి తప్పించేవారు. ఆ కార్యాలయాల్లో ఆలస్యాలు లేవని నేను అనడం లేదు, ఉండేవి. కాని తపాలు కట్టను ఒళ్లో పెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా దానినే తిరగేస్తూ కూర్చున్న గుమాస్తాను మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. కాగితం రావడానికి, పని నడవడానికి మధ్య ఒక రిజిస్టరు అడ్డుగా ఉండేది. ఈమెయిల్ రాగానే మనమందరం పోగొట్టుకున్నది ఆ రిజిస్టరునే.

మీరు దానిని మళ్లీ తెచ్చుకోవాలి. 200 పేజీల రూళ్ల నోటుపుస్తకం ఒకటి చాలు. కంప్యూటరులో ఎక్సెల్ షీటు అలవాటైతే అదైనా సరే. మెయిల్ చూసినప్పుడు మీరు చేయవలసింది ఒకే నిర్ణయం: ఇందులో నేను చేయవలసిన పని ఉందా, లేదా? లేకపోతే వెంటనే ఆర్కైవ్ చేయండి. ఉండి, రెండు నిమిషాల్లో ముగిసేదైతే అప్పుడే చేసేయండి. అంతకుమించిన పనైతే, దానిని మెయిల్‌లో చుక్క (స్టార్) గుర్తు పెట్టి వదలకుండా, మీ మాటల్లో రిజిస్టరులోకి దించండి. ‘ఫలానా వెండారు మెయిల్’ అని రాస్తే రేపు మళ్లీ మెయిల్ తెరవవలసి వస్తుంది. ‘ఫలానా వెండారు సవరించిన బిల్లును పాత ఎంట్రీతో సరిచూసి, తేడా మొత్తానికి క్రెడిట్ నోటు అడగాలి, గురువారం లోపు’ అని రాస్తే పని అక్కడే తయారై ఉంటుంది. ప్రతినెలా తప్పక వచ్చేవాటిని నెల మొదటి రోజునే రాసిపెట్టుకోండి: 7వ తేదీకి టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే మినహాయించిన పన్ను) జమ, నెలనెలా జీఎస్‌టీ రిటర్నులు వేసే సంస్థ అయితే 11న అమ్మకాల వివరాల జీఎస్‌టీఆర్-1, 20న పన్ను చెల్లింపు రిటర్ను 3బీ. ఇవి ఎవరో మెయిల్ పెట్టి గుర్తు చేయవలసిన సంగతులు కావు. ఇతరుల జవాబుకోసం ఎదురుచూస్తున్నవాటికి చివరి నాలుగు పేజీలు కేటాయించండి, అది మీ రిమైండర్ డైరీ.

ఇక మెయిల్ చూసే వేళలు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కొస్టాడిన్ కుష్లెవ్, ఎలిజబెత్ డన్ 124 మందితో చేసి 2015లో ప్రకటించిన ప్రయోగంలో, వారంపాటు రోజుకు మూడుసార్లు మాత్రమే మెయిల్ చూడమని, మరో వారం ఇష్టం వచ్చినన్నిసార్లు చూడమని చెప్పారు. మూడుసార్లకు పరిమితమైన వారంలో వారి ఒత్తిడి తక్కువగా నమోదైంది. అంతకుముందు 2012లో గ్లోరియా మార్క్, స్టీఫెన్ వోయిడా ఒక కార్యాలయంలో 13 మందికి ఐదు పనిదినాలు ఈమెయిల్ పూర్తిగా ఆపివేసి, గుండె లయను కొలిచే పరికరాలతో గమనించినప్పుడు, వారు ఒకే పనిమీద ఎక్కువసేపు నిలబడగలిగారని, శరీరంలో ఒత్తిడి తగ్గిందని కనుగొన్నారు. మీరు మెయిల్ మానేయలేరు. ఉదయం 10 గంటలకు, భోజనం తరువాత, సాయంత్రం 4.30కు చూడవచ్చు. మధ్యలో నోటిఫికేషన్లు ఆపివేయండి. మీ మేనేజరుకు ఈ మార్పును ముందే చెప్పి, తక్షణం కావలసినదానికి ఫోను చేయమని కోరండి. చెప్పకుండా మొదలుపెడితే మీ మౌనాన్ని నిర్లక్ష్యంగా భావించే ప్రమాదం ఉంది. ఉదయం మెయిల్ తెరవకముందు 9 నుంచి 10 దాకా రీకన్సిలియేషన్‌కు ఇవ్వండి. ఆ గంటను మాత్రం ఎవరికీ వదులుకోవద్దు.

అర్ధరాత్రి మెలకువ గురించి రాశారు. అసంపూర్తి పని మనసును వదలదని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లోనే రాశారు. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ చేసిన ప్రయోగాలు దీనికి ఒక ఊరట చేర్చాయి: పని పూర్తి కాకపోయినా, దానిని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా నిర్ణయించుకుంటే చాలు, అది అలా అడ్డుపడి వేధించడం తగ్గుతుందని వారు చూపించారు. ఆఫీసు వదిలే ముందు పది నిమిషాలు రిజిస్టరు తెరిచి, రేపు ఉదయం మొదట చేయవలసిన మూడు పనులను రాసి మూసేయండి. రాత్రి మెలకువ వచ్చినప్పుడు చూడటానికి ఫోను మంచం దగ్గర ఉండకూడదు; అలారం కోసమే అయితే 300 రూపాయలు పెట్టి గడియారం కొనుక్కోవచ్చు.

జరిగిన పొరపాటును గురించి ఒక మాట. అది మీ ఒక్కరి అజాగ్రత్త అని నేను అనుకోవడం లేదు. బిల్లులు ఒక ఉద్యోగి సొంత మెయిల్‌కు వచ్చే ఏర్పాటులోనే లోపముంది. బిల్లులకోసం విభాగమంతా చూడగలిగే ఒక ఉమ్మడి చిరునామా ఏర్పాటు చేయమని రాతపూర్వకంగా అడగండి. చెల్లింపు ఆమోదానికి పెట్టేముందు ఆ వెండారు పేరుతో మెయిల్‌లో ఒకసారి వెతకడాన్ని నియమం చేసుకోండి. బ్యాంకు ఖాతా మారిందంటూ ఏ వెండారు పేరుమీద మెయిల్ వచ్చినా, మీ దగ్గర ఇదివరకే ఉన్న నంబరుకు ఫోను చేసి నిర్ధారించుకోకుండా డబ్బు పంపవద్దు. మెయిల్ ఒత్తిడిలో తలమునకలై ఉన్నవారినే మోసగాళ్లు ఇలా పట్టుకుంటారు.

ప్రశ్న: నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో 12 మంది జట్టుకు నాయకుణ్ణి. మా క్లయింటు డాలస్‌లో ఉన్నారు. రాత్రి వారితో కాల్ ముగిశాక, గుర్తున్నప్పుడే పంపాలని 11 గంటలకు, 12 గంటలకు జట్టుకు మెయిల్స్ పెడతాను. ‘రేపు చూడండి చాలు’ అని కూడా రాస్తాను. అయినా కొందరు రాత్రికి రాత్రే జవాబిస్తారు. ఇటీవల ఉద్యోగం మానేసిన ఒక అమ్మాయి, రాత్రి మెయిల్స్ వల్ల నిద్ర ఉండటం లేదని చెప్పి వెళ్లింది. నేను ఎవరినీ బలవంతపెట్టలేదు. ఇందులో నా తప్పుందా?
ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ఉంది. మీరు నిజాయితీగా అడిగారు గనుక నేనూ సూటిగానే చెబుతున్నాను. పై అధికారి పేరు ఫోనులో వెలిగినప్పుడు, కింద ‘రేపు చూడండి చాలు’ అని ఉన్నదని తెలియడానికైనా ఆ ఉద్యోగి దానిని తెరవాలి. తెరిచాక ఆ విషయం నిద్రలోకి వెంటవస్తుంది. డాలస్‌లో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో రాత్రి 7.30, చలికాలంలో 8.30. ఆ తేడాను మీరు మార్చలేరు. ఆ భారాన్ని మీతోనే ఆపడమా, 12 మందికి పంచడమా అన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది.

గుర్తున్నప్పుడే రాయండి, ఆ అలవాటు మంచిదే. రాసినదానిని షెడ్యూల్ చేసి ఉదయం 9.30కు వెళ్లేలా పెట్టండి. జీమెయిల్‌లోను, ఔట్‌లుక్‌లోను ఈ సదుపాయం ఉంది. నిజంగా ఆ రాత్రే తెలియవలసిన విషయమైతే ఆ వారం డ్యూటీలో ఉన్న ఒక్కరికి ఫోను చేయండి, ఆ డ్యూటీ వంతులవారీగా మారాలి. ఫ్రాన్స్‌లో పనివేళల తరువాత ఉద్యోగి మెయిల్స్‌కు దూరంగా ఉండే హక్కు 2017 జనవరి 1 నుంచి చట్టంలో ఉంది, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో అమలులోకి వచ్చింది. మన లోక్‌సభలో ప్రైవేటు సభ్యుల బిల్లుగా ప్రస్తావనకు వచ్చినా అది చట్టం కాలేదు. మీ జట్టులో ఈ నియమం పెట్టడానికి చట్టం అక్కర్లేదు, మీ మాట చాలు.

పంపే మెయిల్స్ తీరుకూడా చూసుకోండి. మన ప్రభుత్వ లేఖల్లో పైన ‘విషయం’, ‘సూచిక’ అని రెండు పంక్తులు ఉంటాయి. ఇది దేనిగురించి, దీనికి ముందు ఏ ఉత్తరం నడిచింది అన్నవి లేఖ చదవకముందే తెలిసిపోతాయి. ఆ క్రమశిక్షణ ఈమెయిల్‌కు ఇంకా ఎక్కువ అవసరం. ఒక మెయిల్‌లో ఒకే సంగతి ఉండాలి, ఎవరు చేయాలో పేరు ఉండాలి, ఎప్పటిలోగా చేయాలో తేదీ ఉండాలి. 12 మందినీ సీసీలో పెట్టి ‘దయచేసి చూడండి’ అంటే, పదకొండుమంది అనవసరంగా చదువుతారు, ఆ పన్నెండోవారు తమను కాదనుకుంటారు.

మానేసిన ఆ అమ్మాయికి ఫోను చేసి, ఆమె చెప్పినది సరైనదేనని, పద్ధతి మార్చుకున్నామని చెప్పండి. ఉద్యోగానికి తిరిగి రమ్మని అడగడానికి మాత్రం ఆ ఫోను వాడుకోవద్దు.

ప్రశ్న: నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. రోజూ ఉదయం పనుల జాబితా రాస్తాను, 20, 25 అంశాలు ఉంటాయి. రాత్రికి ఆరో, ఏడో కొట్టివేస్తాను. మిగిలినవి చూస్తే గుండె దడగా ఉంటోంది. జాబితా రాయడం మానేయాలా, లేక ఏదైనా యాప్ వాడాలా?
ఒక సోదరి, రాజమహేంద్రవరం

సమాధానం: రోజుకు ఆరేడు పూర్తిచేస్తున్నారంటే, పాఠశాల ఉద్యోగం, ఇంటి వంట చూసుకుంటూ అది చాలా ఎక్కువే. మీ ఓపికలో లోటు లేదు, మీ జాబితాలో ఉంది. మీరు జతచేసిన కాగితంలో ‘ఇల్లు సర్దడం’, ‘పిల్లల చదువు’, ‘అత్తగారి ఆరోగ్యం’ అని ఉన్నాయి. వీటిని ఏ మనిషీ ఏ రోజూ కొట్టివేయలేదు, ఎందుకంటే ఇవి పనులు కావు, బాధ్యతలు. ‘అత్తగారి షుగరు పరీక్షకు శనివారం ఉదయం ల్యాబుకు ఫోను చేయడం’ అని రాస్తే అది పని అవుతుంది, ముగుస్తుంది.

రెండోది, తేదీ ఉన్న పనులను రోజువారీ జాబితాలో పెట్టకండి. మన ఇళ్లలో వంటగది గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు ఎందుకుందో గుర్తు తెచ్చుకోండి. మా అమ్మగారు ఆ గడులలోనే పాల లెక్క, గ్యాసు బుక్ చేసిన తేదీ, చీటీ కట్టే రోజు రాసుకునేవారు. తిథి, వర్జ్యం చూడటానికి రోజూ అక్కడికి వెళ్లక తప్పదు గనుక, రాసినది కంటపడక తప్పేది కాదు. కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, పేరెంట్స్ మీటింగు, ప్రశ్నపత్రాలు ఇవ్వవలసిన తేదీ అక్కడికి ఎక్కించేస్తే మీ కాగితం సగం తేలికపడుతుంది. మిగిలినవాటిలో రోజుకు మూడు మాత్రం ఎంచుకోండి. మిగతావి వెనుక పేజీలో ఉండనివ్వండి, ఆదివారం ఒకసారి తిరగేస్తే చాలు. వరుసగా నాలుగు ఆదివారాలు కదలని పనిని కొట్టివేయడానికి వెనుకాడవద్దు.

యాప్ తప్పనిసరి అని నేను అనుకోను. ఫోను తీసిన ప్రతిసారీ పాఠశాల వాట్సాప్ గ్రూపు ఎదురవుతుంది. కాగితంలో ఆ బెడద లేదు.

మీరు అడగని ఒక సంగతిని చెప్పకుండా ఉండలేను. మీ ఉత్తరంలో మీవారి ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు. జాబితా మీ పుస్తకంలో ఉన్నంతకాలం ఆ 25 పనులు మీకు తప్ప ఎవరికీ కనబడవు, గోడమీదికి వస్తే ఇల్లంతటికీ కనబడతాయి. ఈ ఆదివారం ఆయనను కూర్చోబెట్టి, క్యాలెండరులో ఏయే గడులు ఆయనవో ఆయన చేతితోనే పేరు రాయించండి. ‘సాయం చేస్తాను, చెప్పు’ అంటే ఒప్పుకోకండి. చెప్పడం, గుర్తుచేయడం కూడా పనే, అది మళ్లీ మీమీదే పడుతుంది. కరెంటు బిల్లు ఆయనదంటే, గుర్తుపెట్టుకోవడం నుంచి కట్టడం దాకా ఆయనదే.

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, వయసు 72. నా జీమెయిల్ నిండిపోయిందని, ఇక మెయిల్స్ రావని హెచ్చరిక వస్తోంది. పింఛను, బ్యాంకు, మ్యూచువల్ ఫండ్ కాగితాలు అందులోనే ఉన్నాయి. పొరపాటున ఏది తీసేస్తానోనని చేయి ఆడటం లేదు.
ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: అయ్యా, జీమెయిల్‌లో ఉచితంగా దొరికేది 15 జీబీ. అది మెయిల్స్‌కే కాదు, మీ గూగుల్ ఫోటోలకు, డ్రైవ్‌కు కలిపి ఇచ్చిన చోటు. చాలామంది విషయంలో నిండేది మనుమల వీడియోలతోనే, పింఛను కాగితాలతో కాదు. గూగుల్ ఖాతాలో స్టోరేజ్ అనే చోటికి వెళితే పెద్ద వీడియోలు, పెద్ద అటాచ్‌మెంట్లున్న మెయిల్స్ విడివిడిగా కనిపిస్తాయి. అక్కడినుంచి మొదలుపెట్టండి. తీసివేసిన మెయిల్ 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, ఆలోగా వెనక్కి తెచ్చుకోవచ్చు, కాబట్టి చేయి వణకనవసరం లేదు. ఆ తరువాత దుకాణాలు పంపే ప్రకటనల మెయిల్స్‌ను ఒక్కొక్క సంస్థ పేరుతో వెతికి, కలిపి తీసేసి, అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. ముక్కూ మొహం తెలియనివారు పంపిన మెయిల్స్‌లో మాత్రం ఆ మీటనూ నొక్కవద్దు, స్పామ్‌గా గుర్తించి వదిలేయండి.

పింఛను ఉత్తర్వులు, ఫండ్ స్టేట్‌మెంట్లు, పన్ను రిటర్నుల రసీదులు మెయిల్‌లోనే ఉంచి నమ్ముకోకుండా, ఒక పెన్‌డ్రైవ్‌లో దించి, ముఖ్యమైనవి ముద్రించి ఫైలులో పెట్టుకోండి. ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లోవారికి కూడా చూపించండి. లైఫ్ సర్టిఫికెట్ పేరుతోనో, కేవైసీ పేరుతోనో లింకు నొక్కమని వచ్చే మెయిల్స్‌కు స్పందించవద్దు. అనుమానం వస్తే మీ బ్యాంకు శాఖకు వెళ్లి అడగండి. ఒకవేళ డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయండి.